ఓడ దిగిన పెరుగు

మా అవ్వ పెరుగు ఆంధ్రా పెరుగు కాదని ఒక చదువుకున్న మనిషి అంది. ఎక్కడో వీధిలో అన్నా సరిపెట్టుకునేవాణ్ని. మా అవ్వ ఇంట్లో, మా అవ్వ వేసిన పీట మీద కూర్చుని, మా అవ్వ వడ్డించిన అన్నంలో ఆ పెరుగే కలుపుకుంటూ అంది. ముప్పై ఏళ్ల పాటు ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ రోజుల్లో దక్షిణాఫ్రికాలో, మా నటాల్‌లో ‘కొత్త’ అనే మాట వినకుండా పూట గడిచేది కాదు. అందరికీ ఓటున్న మొదటి ఎన్నికలు అయిపోయాయి, కొత్త జెండా వచ్చింది, రేడియోలో కొత్త గొంతులు వచ్చాయి. నేను పనిచేసే చోట తెల్లవాళ్ల టీ గదికీ మా టీ గదికీ వేరువేరుగా ఉండే బోర్డులు ఊడదీశారు (మేకుల చిల్లులు మాత్రం తలుపు మీద అలాగే ఉండేవి, టీ తాగుతూ వాటినే చూస్తుండేవాణ్ని). అందరం కొత్తవాళ్లం కావాలట. సంతోషమే, నేనూ క్యూలో నిలబడి ఓటు వేసినవాణ్నే. కానీ మా అవ్వకు మాత్రం ఒక్కటైనా పాతది పాతదిగా మిగలాలి. దానికి కారణం ఉంది. ఎన్నికల తరవాత ఆంధ్రా నుంచి డాక్టర్లూ ఇంజనీర్లూ కుటుంబాలతో డర్బన్ రావడం మొదలైంది. నిజమైన తెలుగువాళ్లు వచ్చారని మా వాళ్లంతా పొంగిపోయి వాళ్లను ఉగాదికి పిలిచారు. మా అవ్వ పట్టుచీర కట్టుకుని వెళ్లి ఒకావిడను “ఏటమ్మా, ఏ ఊరు?” అని పలకరించింది. ఆవిడ నవ్వు ఆపుకుంటూ, “ఏటి కాదు బామ్మగారూ, ఏమిటి అనాలి” అంది. పక్కనున్న నలుగురూ నవ్వారు. దణ్ణం పెడితే, అలా కాదని ఇంకొకావిడ చేతులు సరిచేసింది. అవ్వ మా ఊరు ఉమ్‌హ్లాలి బస్సెక్కింది. ఇంటికొచ్చి, చీరైనా మార్చుకోకుండా వంటింట్లోకి వెళ్లి పెరుగు గిన్నె మూత తీసి చూసి, “మన మాట పాడైపోనాదంట. దణ్ణాలు కూడా తప్పు పెడతన్నామంట. ఇదొక్కటీ పాడవనేదు” అంది.

ఆ పెరుగు సంగతి చెప్పాలి. మా అవ్వ వాళ్ల అవ్వ చెరకు కొట్టడానికి విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కినప్పుడు, ఓ గుడ్డముక్కను పెరుగులో ముంచి, నీడన ఆరబెట్టి, కొంగున ముడేసుకుని తెచ్చిందట. ఇక్కడ దిగాక ఎవరి దగ్గరో కాసిన్ని పాలు సంపాదించి, గోరువెచ్చన చేసి, ఆ గుడ్డముక్క అందులో వేసింది. తెల్లారేసరికి తోడుకుంది. ఆనాటి నుంచి ఈ రోజు పెరుగులోంచి ఒక చెంచా రేపటి పాలలోకి, రేపటిదాంట్లోంచి ఎల్లుండి పాలలోకి. మా తాత పోయిన రోజున కూడా పక్కింటావిడ వచ్చి తోడు పెట్టి వెళ్లింది తప్ప ఒక్క పూట ఆగలేదు. ఊళ్లో ఎవరింట్లో పెరుగు పాడైనా మా ఇంటికే వచ్చేవారు. అవ్వ చిన్న గిన్నెలో ఇంత వేసి ఇస్తూ ప్రతిసారీ ఒకటే మాట అనేది: “ఇది ఓడ దిగిన పెరుగు. అక్కడెలాగున్నాదో ఇక్కడా అలాగే ఉన్నాది.” ఆ మాట అనేటప్పుడు మా అవ్వ కాస్త పొడుగయ్యేది. దీపం పెట్టాక మాత్రం చక్రవర్తి వచ్చి అడిగినా తోడు గడప దాటదు.

ఇక నా సంగతి. బడి నన్ను మధ్యలోనే వదిలేసింది. తెలుగు అక్షరాలు అవ్వ పూజ కాగితాల మీద నాకు నేనే కూడబలుక్కున్నాను. తక్కినదంతా ఊరి లైబ్రరీ పెట్టిన భిక్ష. అప్పటికి చెరకు తోటల నడుమ ఉన్న ఒక చిన్న లేబరేటరీలో గాజు సామాను కడిగే పని నాది. కోసిన చెరకు ఎండలో పడి ఉంటే పులుస్తుంది కదా, ఆ పులియబెట్టే సూక్ష్మజీవుల సంగతి చూసే చోటు అది. ఎన్నికలైన మరుసటి ఏడాది అక్కడికి అనకాపల్లి నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. మందులిచ్చే డాక్టరు కాదు, చదివిన డాక్టరు. బెల్లం ఊరి నుంచి వచ్చింది కాబట్టి నేను మనసులో బెల్లం డాక్టరు అని పేరు పెట్టుకున్నాను. బెల్లంలా ఉండేది కాదు. సీసా అడుగున చిన్న మరక కనిపిస్తే, “ఇది కడిగిందా, కడగాల్సిందా?” అని నా చేతికే తిరిగిచ్చేది.

ఆమె వచ్చీ రాగానే బల్ల మీద వరసగా కొన్ని సీసాలు పెట్టింది. అన్నిట్లోనూ ఒకే రకం చక్కెర నీళ్లు, అన్నిట్లోనూ ఒకే చుక్కలోంచి తీసిన సూక్ష్మజీవులు. రోజూ పొద్దున్నే మసకబారిన ఆ నీళ్లలోంచి కొంచెం తీసి కొత్త చక్కెర నీళ్లలో వేయడం, పాతది పారబోయడం. మర్నాడు మళ్లీ అదే. ఆదివారం లేదు, పండగ లేదు. మధ్యమధ్య కొంచెం తీసి, చలికి చావకుండా గ్లిజరిన్ కలిపి, ఊపిరి కూడా గడ్డకట్టే ఫ్రీజర్‌లో పెట్టేది. చూసీ చూసీ ఒక రోజు అడిగేశాను, “దేనికమ్మా ఈ చాకిరీ? ఎప్పుడు అయిపోద్ది?” అని. “అయిపోదు. అయిపోకపోవడమే దీని పని” అంది. పరిహాసం చేస్తోందనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చోమని చెప్పింది.

ఆమె చెప్పినదాన్ని నేను ఇన్నేళ్లుగా ఎంతమందికి చెప్పానో. మా కుటుంబం ఓడ దిగినప్పటి నుంచి నా దాకా ఐదు తరాలు. ఆ సీసాలో ఐదు తరాలు ఒక్కరోజులో గడిచిపోయి ఇంకా మిగులుతాయి. నేను రాత్రి అన్నం తిని పడుకుని లేచేసరికి అక్కడ ముత్తాతలు మునిమనవలై ఉంటారు. ఒకటి రెండవుతూ, రెండు నాలుగవుతూ పోయేటప్పుడు ఎక్కడో ఒకదానికి చిన్న పొరపాటు జరుగుతుంది. అలాంటి పొరపాట్లు చాలామట్టుకు దేనికీ పనికిరావు. ఎప్పుడో ఒకటి మాత్రం, చక్కెర నీళ్లు తాగడంలో పక్కదానికన్నా వెంట్రుకవాసి చురుకవుతుంది. ఆ వెంట్రుకవాసి చాలు. కొన్నాళ్లకు సీసా నిండా దాని సంతానమే. “ఎవరు నేర్పారమ్మా వాటికి?” అన్నాను. “ఎవరూ నేర్పలేదు. నేర్చుకోవడం కూడా కాదు. మిగిలినవి మిగిలాయి, అంతే” అంది. (ఇంటికెళ్లి మంచినీళ్లు తాగబోయి గ్లాసును దీపం దగ్గర పెట్టి చాలాసేపు చూశాను. అవ్వ, “పురుగు పడినాదా?” అంది.)

అంతకన్నా పెద్ద వింత కొన్ని నెలల తరవాత జరిగింది. ఫ్రీజర్‌లో పడుకోబెట్టిన మొదటి రోజు తాతల్ని డాక్టరమ్మ బయటికి తీసింది. చల్లటి సీసా అలా అలా వెచ్చబడింది. మర్నాటికి నీళ్లు మసకబారాయి. లేచారు. చచ్చిపోయి లేచినట్టు కాదు, కునుకు తీసి లేచినట్టు. ఆ తాతల్నీ ఆ రోజు బల్ల మీదున్న మనవల్నీ సమానంగా కలిపి ఒకే సీసాలో వదిలి, పందెం పెట్టింది. తాతలు ఎర్ర చుక్కలుగా, మనవలు తెల్ల చుక్కలుగా గాజు పళ్లెం మీద కనపడేట్టు ముందే ఏర్పాటు చేసుకుంది. పళ్లెం తీసి వెలుతురుకి ఎత్తి నాకు చూపించింది. ఎక్కడ చూసినా తెలుపు. ఎరుపు ఏరుకోవలసి వచ్చింది. నేను ఆ పళ్లెం పట్టుకుని, గుళ్లో హారతి పళ్లెం ముందు నిలబడ్డట్టు నిలబడిపోయాను. తాతను లేపి మనవడితో పరిగెత్తించి ఎవరు ఎంత దూరం వచ్చారో కొలవడం ఏ పురాణంలోనూ చదవలేదు. అప్పుడే, నోరు ఊరుకోక, “మా అవ్వ కూడా ఇంట్లో రోజూ ఇదే చేస్తాదమ్మా, పాలల్లో” అన్నాను.

డాక్టరమ్మ ముందు నవ్వింది. తరవాత నవ్వు ఆగిపోయింది. “ఎన్నాళ్ల నుంచి?” అంది. ఓడ సంగతి చెప్పాను. చేతి తొడుగులు తీసి బల్ల మీద పడేసి, “నన్ను ఇవాళే మీ ఇంటికి తీసుకెళ్లు” అంది.

తీసుకెళ్లేసరికి దీపం వేళ దాటింది. అవ్వ ఆమెను నిలువునా చూసి, “ఏటమ్మా, నీకు పెళ్లవనేదా? ఒక్కతివే ఇంత దూరం ఒగ్గేసినారా మీయమ్మోళ్లు?” అంది. డాక్టరమ్మ ‘ఏటి’కి నవ్వలేదు. “అమ్మ ఏడ్చింది అవ్వా, నాన్న ఒగ్గేశారు” అంది. అంతే, అవ్వ ఆమెకు పీట వేసేసింది. గోంగూర, చేపల పులుసు, చివర పెరుగు. డాక్టరమ్మ పెరుగు నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. అవ్వ నా వైపు చూసింది, చూశావా అన్నట్టు.

“మీయమ్మ పెరుగులాగే ఉన్నాది కదా?” అంది అవ్వ. “ఓడ దిగిన పెరుగమ్మా. అక్కడెలాగున్నాదో ఇక్కడా అలాగే.”

“చాలా బాగుంది అవ్వా,” అంది డాక్టరమ్మ, ఇంకో ముద్ద కలుపుకుంటూ. “కానీ అలాగే ఉండదు. ఇన్నేళ్లు ఇక్కడి పాలు తాగి, ఇక్కడి చలికి అలవాటుపడి మారిపోయి ఉంటుంది. ఇక్కడివాళ్ల అమాసి పెరుగులోంచి కూడా కొన్ని వచ్చి చేరి ఉండొచ్చు. ఇప్పుడిది ఆంధ్రా పెరుగు కాదు.”

“మా గిన్నెలోకి పిలవకుండా ఎవురొస్తారు?” అంది అవ్వ.

“గాల్లో వస్తాయి అవ్వా. చేతుల మీద వస్తాయి.”

“నా సేతులు కడిగిన సేతులే.” అవ్వ గరిటె కింద పెట్టింది. “మాట కాదన్నారు. దణ్ణం కాదన్నారు. ఇదీ కాదంటున్నావా?”

డాక్టరమ్మకు ఉగాది సంగతి తెలియదు. మంచి మనసుతోనే, “కాదన్నది తప్పని కాదు కదా అవ్వా. కావాలంటే పరీక్ష పెట్టి చూద్దాం. కొంచెం తోడు ఇవ్వండి” అంది. అవ్వ దీపం వైపు చూపించి, “ఐకోనా” అంది. (మాతో పనిచేసే జులూవాళ్ల దగ్గర పట్టుకున్న మాట ఇది, కుదరదు అని అర్థం. అవ్వ కుదరదు అని తెలుగులో అంటే ఇంకా బతిమాలుకోవచ్చు. ఐకోనా అంటే లేచి వెళ్లిపోవడమే.) నేను బస్టాపు దాకా దిగబెట్టాను. దారి పొడుగునా ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. నా కోపం ఆమెకు అర్థమవుతుందనుకున్నాను. ఆమె చెరకు తోటల మీద చంద్రుడు ఎంత బాగున్నాడో చెబుతూ నడిచింది.

కానీ అవ్వ ఊరుకునే మనిషి కాదు. శనివారం పొద్దున్నే తలస్నానం చేసి, తోడు గిన్నె నా చేతికిచ్చి, “పెట్టమను పరీచ్చ. ఆళ్లమ్మ పెరుగు తెచ్చి పక్కన ఎట్టమను. రెండూ ఒకటేనని ఆ పిల్ల నోటితోనే సెప్పాలి. నువ్వు కళ్లల్లో ఒత్తులేసుకుని సూడు, అమ్మ పెరుగని పచ్చపాతం సేస్తాదేమో” అంది. డాక్టరమ్మ ఏడాది చివర సెలవుకు అనకాపల్లి వెళ్లి, అవ్వ చెప్పిన పద్ధతిలోనే, వాళ్లమ్మ పెరుగులో గుడ్డముక్క ముంచి ఆరబెట్టి తెచ్చింది. అది చూసి అవ్వ మొదటిసారి మెత్తబడింది. గుడ్డముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని, “మాయవ్వ ఇలాగే తెచ్చినాది” అని, కాసేపు ఇవ్వలేదు.

పందెం మొదలైంది. వాళ్లమ్మ పెరుగులోవి గాజు పళ్లెం మీద గుండ్రటి చిన్న చుక్కలవుతాయి, మా అవ్వవి కాస్త పెద్దగా, చదునుగా వస్తాయి, కాబట్టి రంగు వేయకుండానే తెలిసిపోతాయి అంది డాక్టరమ్మ. రెండూ సమానంగా కలిపి, మా ఊరి పాలలో తోడు పెట్టడం, మర్నాడు అందులోంచి మళ్లీ తోడు. నేను ఆ సీసాకు కాపలా కాశాను. గాజు సామాను కడుగుతూ వెనక్కి తిరిగి తిరిగి చూసేవాణ్ని. డాక్టరమ్మ ఒకసారి సీసాను కొంచెం ఎడమకి జరిపితే, ఎందుకు జరిపారని అడిగాను. “తుడుస్తున్నాను” అంది. నమ్మలేదు. సాయంత్రం ఎవరూ లేనప్పుడు సీసా దగ్గరికి వెళ్లి, “మన పరువు మీ చేతుల్లో ఉంది” అని చెప్పిన మాట నిజం. (వాటికి చేతులు లేవని నాకు తెలుసు.) నేను ఏ గెలుపు కోరుకుంటున్నానో నాకే స్పష్టంగా లేదు. రెండూ సగం సగం ఉంటే రెండూ ఒకటేనని అవ్వ గెలుస్తుంది. ఈ మాట డాక్టరమ్మ ముందే చెప్పింది. కానీ పందెం అన్నాక మనది ముందుండాలి కదా. లోపల నేను ఎగదోస్తూనే ఉన్నాను.

పళ్లెం తీసే రోజున అవ్వ వచ్చింది. ఉగాదికి కట్టిన పట్టుచీర మళ్లీ కట్టింది, మల్లెపూలు పెట్టింది, డబ్బా నిండా లడ్డూలు తెచ్చి లేబరేటరీలో అందరికీ ముందే పంచేసింది. అది గాజు సామాను గది అని, తినకూడదని ఎవరూ చెప్పే ధైర్యం చేయలేదు. డాక్టరమ్మ పళ్లెం మూత తీసి కిటికీ వెలుతురులో పట్టుకుంది.

“నావేవి?” అంది అవ్వ.

“ఈ పెద్దవన్నీ మీవే అవ్వా.”

“ఇవి?”

“అవీ మీవే.”

“ఇక్కడియ్యో?”

“మీవే.”

“మరి మీయమ్మవేవి?”

డాక్టరమ్మ గోటితో పళ్లెం అంచు దగ్గర ఒక మూల చూపించింది. అక్కడ, ఆవగింజల్లా, కొన్ని.

అవ్వ మొహం వెలిగిపోయింది. నేను చప్పట్లు కొట్టేశాను. “పాపం,” అంది అవ్వ, గెలిచినవాళ్లకుండే జాలితో, “మీయమ్మకి సెప్పకులే.” డాక్టరమ్మ కూడా నవ్వింది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి. “ఎంత దూరం వచ్చిందో చూడండి అవ్వా. ఈ పాలల్లో, ఈ చలిలో దీనికి ఎదురు లేదు. ఇన్ని వేల రోజులు, రోజుకో వడపోత. ఎంత పెద్ద లేబరేటరీలోనూ ఇంత పాత పరీక్ష లేదు. మీ వంటింట్లో జరిగింది” అంది. ఆ గొంతులో ఉన్న భక్తిని ఇవాళ్టికీ మరిచిపోలేను. నాకూ అదే భక్తి కలిగింది. మేము చెరకు కొడుతూ, మిల్లుల్లో మరిగిపోతూ, ఓటు లేకుండా చచ్చిపోతూ వచ్చిన కాలమంతా, మా గిన్నెలో మాకు తెలియకుండా, కంటికి కనపడని ప్రాణాలు ఈ దేశంలో బతకడం ఎలాగో తేల్చుకుంటూ వచ్చాయి.

అవ్వ మాత్రం లెక్క చూసుకుంటోంది. “ఒకటే అయితే సగం సగం ఉండాలన్నావు కదా” అంది మెల్లగా.

“అవును అవ్వా.”

“సగం నేదు.”

“లేదు.”

“అయితే గెలిసినాం గానీ, ఇది అది కాదు.”

డాక్టరమ్మ ఇంకేదో చెప్పబోయింది. అవ్వ లడ్డూ డబ్బా మూత పెట్టుకుని, “పద” అంది నాతో. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ రోజు కూడా పాలు కాచి తోడు పెట్టింది, మానలేదు. వారం తిరక్కుండా పొరుగింటి పిల్ల గిన్నె పట్టుకుని తోడుకు వచ్చింది. అవ్వ ఇంత వేసి ఇచ్చింది. నేను గుమ్మంలో నిలబడి ఆ మాట కోసం ఎదురుచూశాను. అనలేదు. “మూతెట్టుకుని ఎల్లు” అంది, అంతే. ఆ తరవాత బతికినన్నాళ్లూ ఎవరికి తోడు ఇచ్చినా ఓడ మాట ఎత్తలేదు. నా కోపమంతా అక్కడుంది. పరీక్ష అబద్ధమని కాదు. ముసలామె నోట్లోంచి ఒక మాట లాగేసుకుని, దాని చోట ఏమీ పెట్టకుండా వెళ్లిపోయారు.

డాక్టరమ్మ గడువు తీరి అనకాపల్లి వెళ్లిపోయింది. అవ్వ పోయింది. అవ్వ వెళ్లాక నేను ఉత్తరాలు మొదలుపెట్టాను. లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ చదివి, ప్రతి ఉత్తరంలో కొత్త వాదన పెట్టి, చివర ఒకే డిమాండు: మా అవ్వ పెరుగు ఆంధ్రా పెరుగు కాదన్న మాట వెనక్కి తీసుకోండి. చదివినకొద్దీ ఆమె చెప్పినదే నిజమని నాకే తెలిసివచ్చేది, దాంతో ఉత్తరం ఇంకాస్త ఘాటుగా రాసేవాణ్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. మోకాళ్లు పట్టేసి, పళ్లు ఊడి, పెరుగన్నం తప్ప ఏదీ అరగని మనిషి, సముద్రం అవతల ఒక రిటైరైన ఆవిడతో పెరుగు గురించి ఒంటరిగా తగువాడుతున్నాడు. ఆవిడ పలికేది కాదు. పోయిన నెల ఫోన్‌లో మెసేజీగా జవాబు వచ్చింది. మార్చకుండా రాస్తున్నాను:

“మీ ఉత్తరాలన్నీ అందాయి. నేను అన్నది నిజమే కాబట్టి ఏం రాయాలో తెలియక ఊరుకున్నాను. మొన్న పాలలో తోడు కలుపుతుంటే తట్టింది. సీసాల పందెంలో నేను ఫ్రీజర్‌లోంచి తీసి నిలబెట్టింది నిజంగా తాతనే. మీ అవ్వ పందెంలో తాత లేడు. ఓడెక్కిన నాటి పెరుగును ఎవరూ దాచలేదు. నేను ఎదురుగా పెట్టింది మా అమ్మ పెరుగు. అది కూడా అన్నేళ్లూ మా గేదె పాలు తాగి, మా ఎండకు అలవాటుపడి, రోజూ మారుతూ వచ్చినదే. మీదానికి వరసకు చెల్లెలు. చెల్లెల్ని తెచ్చి తాత అని చూపించాను. ఆనాటిది మీ దగ్గరా లేదు, మా దగ్గరా లేదు. మీ అవ్వది ఆంధ్రా పెరుగు కాకపోతే మాదీ కాదు. ఈ మాట ఆమె పెట్టిన అన్నం తింటున్నప్పుడే చెప్పాల్సింది.”